128 జీబీ మెమరీ కార్డు బటన్ ఫోన్‌లో పెడితే ఫార్మాట్ అడుగుతోంది, నొక్కొచ్చా?

పాలేరు కుర్రాడు (ప్రశ్న):

అందరికీ నమస్తే. మా నాన్న బటన్ ఫోన్ వాడతారు, టచ్ ఫోన్ ఇప్పిస్తా అన్నా వద్దంటారు, పొలం కాడ పాటలు బుర్రకథలు హరికథలు వినడానికి అదే కావాలి ఆయనకి, చార్జింగ్ కూడా రోజులకు రోజులు ఉంటది కదా. దాంట్లో ఎప్పటిదో 2 జీబీ చిప్పు ఉంది, ఈ మధ్య పాట మధ్యలో ఆగిపోతోంది, ఒక్కోసారి అసలు కార్డే కనపడట్లేదు. నేను ఈ మధ్య ఫోన్ మార్చా, కొత్తదాంట్లో కార్డు స్లాటే లేదు, పాత ఫోన్‌లోని 128 జీబీ కార్డు ఊరికే పడి ఉంది కదా అని నాన్న ఫోన్‌లో వేసి చూశా. పెట్టగానే కార్డు సపోర్ట్ చేయట్లేదు ఫార్మాట్ చేయాలా అని అడుగుతోంది. నేను నొక్కలేదు, ఎందుకంటే దాంట్లో మా చెల్లి పెళ్లి ఫొటోలు వీడియోలు అన్నీ ఉన్నాయి. అదే కార్డు మళ్లీ నా పాత ఫోన్‌లో పెడితే అన్నీ చక్కగా కనపడుతున్నాయి.

బటన్ ఫోన్ డబ్బా మీద 32 జీబీ వరకు అని రాసుంది. మా ఊళ్లో షాపులో అడిగితే ఒకాయన ఫార్మాట్ కొట్టు పనిచేస్తది అన్నాడు, పక్క షాపాయన 32 దాటితే ఫోనే కాలిపోద్ది అన్నాడు. ఏది నిజం? కొత్త కార్డే కొనాలంటే దాని మీద ఉండే గుర్తులు (హెచ్‌సీ, ఎక్స్‌సీ, 10, ఏ1, వీ30 ఇలా) దేన్ని చూసి కొనాలో కూడా కాస్త చెప్పండి.

ఇందూరు తమ్ముడు:

ముందు ఆ ఫార్మాట్ మాత్రం నొక్కకు అన్నా. కార్డు తీసేసి పక్కన పెట్టు, పెళ్లి ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాకే మిగతా కథ.

సోల్డరింగ్ బాబాయ్:

తమ్ముడూ, ఇద్దరు షాపువాళ్లు చెప్పిందీ పూర్తిగా నిజం కాదు. ఫోన్ కాలిపోవడం అనేది ఉండదు, 2 జీబీ కార్డైనా 128 జీబీ కార్డైనా మైక్రో ఎస్‌డీ అంటే అవే ఎనిమిది పిన్నులు, అదే 3.3 వోల్టులు, ఫోన్ దాన్ని చదవగలిగితే చదువుద్ది లేకపోతే లేదు అంతే. ఇక ఫార్మాట్ కొడితే పనిచేసే అవకాశం బాగానే ఉంది కానీ నీ ఫొటోలు పోతాయి, ఆ సంగతి ఆయన నీకు చెప్పలేదు చూడు, అది నాకు నచ్చలేదు.

అసలు విషయం ఏంటంటే కార్డు స్లాట్‌లో పట్టడం వేరు, ఫోన్‌కి అర్థం కావడం వేరు. ఆకారం ఒకటే అయినా లోపల తరాలు ఉన్నాయి. మొదటి ఎస్‌డీ 1999లో వచ్చింది, శాన్‌డిస్క్ పానసోనిక్ తోషిబా కలిసి తెచ్చారు, అది 2 జీబీ దాకానే. 2006లో ఎస్‌డీహెచ్‌సీ, అది 32 జీబీ దాకా. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ, అది 2 టీబీ దాకా (ఒక టీబీ అంటే దాదాపు వెయ్యి జీబీ). 2018లో ఎస్‌డీయూసీ అని ఇంకోటి ప్రకటించారు, 128 టీబీ దాకా, దాని గోల మనకి ఇప్పుడు అక్కర్లేదు. నీ 128 కార్డు మీద చిన్నగా ఎక్స్‌సీ అని ఉంటది చూడు, నాన్న ఫోన్ డబ్బా మీద 32 దాకా అన్నారంటే ఆ ఫోన్‌ని హెచ్‌సీ కోసం చేశారని అర్థం.

ఇక్కడ రెండు గోడలు ఉన్నాయి, రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు. 2 జీబీ దగ్గర ఉన్నది నిజమైన గోడ. పాత కార్డుల్లో ఫోన్ డేటా అడిగేటప్పుడు ఫలానా బైట్ ఇవ్వు అని అడుగుతుంది, హెచ్‌సీ నుంచి ఫలానా బ్లాక్ ఇవ్వు అని అడగాలి, ఒక్కో బ్లాక్ 512 బైట్లు. ఈ అడిగే పద్ధతే మారిపోయింది కాబట్టి 2 జీబీ వరకే అని ఉన్న నిజమైన పాత ఫోన్‌లో 4 జీబీ కార్డు కూడా నడవదు, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా నడవదు. అదే 32 దగ్గర ఉన్నది అంత గట్టి గోడ కాదు. హెచ్‌సీకి ఎక్స్‌సీకి బ్లాక్ అడిగే పద్ధతి ఒకటే. తేడా ఎక్కడొస్తదంటే కార్డు మీద ఫైళ్ల లెక్క రాసుకునే పద్ధతిలో, అదే ఫైల్ సిస్టమ్. 32 దాకా ఫ్యాట్32 వాడాలి, ఎక్స్‌సీకి ఎక్స్‌ఫ్యాట్ వాడాలి అని రూలు. నీ ఆండ్రాయిడ్ ఫోన్ ఆ 128 కార్డుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఉంటది, బటన్ ఫోన్లలో చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ రాదు, అందుకే దానికి నీ కార్డు ఏమీ రాయని తెల్లకాగితంలా కనపడి ఫార్మాట్ అంటోంది. ఫొటోలు ఎక్కడికీ పోలేదు.

ఎక్స్‌ఫ్యాట్ మైక్రోసాఫ్ట్ వాళ్లది, 2006లో తెచ్చారు, చాలా ఏళ్లు దానికి లైసెన్స్ డబ్బులు కట్టాల్సి వచ్చేది కాబట్టి చవక ఫోన్లు చేసేవాళ్లు పెట్టేవాళ్లు కాదు, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఉండేది కాదు. 2019 ఆగస్టులో వాళ్లే దాని వివరాలు బయటపెట్టి లినక్స్‌లో పెట్టుకోండి అన్నారు, ఆ ఏడాదే లినక్స్ 5.4లోకి వచ్చింది, ఆండ్రాయిడ్‌కి పునాది లినక్సే కదా. అప్పట్నుంచి టచ్ ఫోన్లలో ఈ బాధ బాగా తగ్గింది. బటన్ ఫోన్‌లో ఉండేది ఆండ్రాయిడ్ కాదు కదా, అక్కడ ఇంకా అదే కథ.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. కార్డు రీడర్ ఒకటి తీసుకో, వంద రెండొందల్లో దొరుకుద్ది, కంప్యూటర్‌కి పెట్టి మొత్తం కాపీ చేయి. కాపీ అయ్యాక ఫోల్డర్ సైజు రెండు చోట్లా ఒకటే ఉందా చూడు, నాలుగు వీడియోలు కంప్యూటర్‌లోంచి తెరిచి చివరిదాకా జరిపి చూడు. ఆ తర్వాత దాన్ని ఫ్యాట్32 చేయాలంటే విండోస్‌లో మామూలుగా రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ అంటే 32 జీబీ పైన కార్డుకి ఫ్యాట్32 అనే ఆప్షనే చూపించదు, రూఫస్ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది దాంట్లో నాన్ బూటబుల్ పెట్టి ఫ్యాట్32 ఎంచుకుంటే అవుద్ది. అలా చేశాక 32 దాకా అని రాసున్న ఫోన్లు చాలావరకు 64, 128 కూడా తీసుకుంటాయి. గ్యారెంటీ అయితే ఎవరూ ఇవ్వరు.

కానీ నా మాట వింటే ఆ 128 జోలికే వెళ్లకు. పాటల కోసం నాన్నకి అంత ఎందుకు. 128 కేబీపీఎస్ ఎంపీ3లో ఐదు నిమిషాల పాట 5 ఎంబీ లోపే, 8 జీబీ కార్డులోనే పదహారు వందల పాటలు పడతాయి, 32లో ఆరు వేలు దాటుతాయి. మంచి కంపెనీది 16 గానీ 32 గానీ హెచ్‌సీ కార్డు తీసుకో, అది కొన్న దగ్గర్నుంచే ఫ్యాట్32లో ఉంటది, పెట్టగానే నడుస్తది.

పాలేరు కుర్రాడు:

బాబాయ్ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కాపీ పెట్టేశా, రాత్రికి అయిపోద్ది. ఇంకో డౌట్, పాత 2 జీబీ కార్డులో ఇంకా 1 జీబీ పైనే ఖాళీ చూపిస్తోంది కానీ వంద పాటలు దాటాక ఇంక ఎక్కట్లేదు, స్థలం లేదు అంటోంది. కార్డు పాడైనట్టేనా? ఇంకోటి, వాట్సాప్‌లో మా మామయ్య పంపిన పద్యాలు కొన్ని ఎక్కించా, అవి ఫోన్‌లో కనపడతాయి కానీ పాడవు.

పాత సెల్ పాయింట్:

ఈ వంద పాటల సంగతి నేను చెబుతానండి, మాకు రాజమండ్రిలో సెల్ షాపు ఉండేది, పాటలు ఎక్కించడమే అప్పట్లో సగం యాపారం. 2 జీబీ కార్డు ఫ్యాట్16లో ఉంటుంది. ఫ్యాట్16లో కార్డు తెరవగానే కనపడే మొదటి చోటు ఉంటుంది కదా, రూట్ అంటారు, దాంట్లో మొత్తం 512 గళ్లే ఉంటాయి, ఇంక పెరగవు. పేరు చిన్నదైతే ఒక పాటకి ఒక గడి. పేరు పొడుగైతే ప్రతి 13 అక్షరాలకి ఇంకో గడి అదనంగా తినేస్తుంది. తెలుగులో పేరు పెడితే గుణింతం గుర్తులు, పొల్లులు కూడా ఒక్కోటి అక్షరం కిందే లెక్క, సినిమా పేరు పాట పేరు వెబ్‌సైట్ పేరు అన్నీ కలిపి యాభై అక్షరాలు అయిందంటే ఒక్క పాటే ఐదు గళ్లు తినేస్తుంది. 512ని ఐదుతో భాగించుకోండి, వంద చిల్లర. మీ కార్డు సైజు పరంగా నిండలేదు, గళ్లు నిండాయి. రూట్‌లో వేయకుండా "పాటలు" అని ఒక ఫోల్డర్ చేసి అందులో వేయండి, ఫోల్డర్ లోపల ఈ లెక్క ఉండదు. షాపుకొచ్చిన ప్రతివాడికీ నేను ఫోల్డర్లు చేసే ఎక్కించేవాణ్ణి, భక్తి, జానపదం, హరికథ అని, పెద్దవాళ్లకి వెతుక్కోడం కూడా తేలిక.

అయితే పాట మధ్యలో ఆగిపోవడం, కార్డు కనపడకపోవడం అంటే మాత్రం ఆ కార్డు పనైపోయిందండి. ముందు పిన్నులు శుభ్రంగా పొడిగుడ్డతో తుడిచి చూడండి, పొలంలో దుమ్ము చెమట పడుతుంది కదా, అప్పటికీ అలానే ఉంటే మార్చేయండి.

వాట్సాప్ ఆడియో పాడకపోడానికి కారణం వేరు. వాట్సాప్‌లో మైకు నొక్కి మాట్లాడి పంపినవి ఓపస్ అనే రకంలో ఉంటాయి, బటన్ ఫోన్లకి ఎంపీ3 మాత్రం గ్యారెంటీగా తెలుసు, ఓపస్ తెలీదు. యూట్యూబ్ నుంచి దించినవి ఎం4ఏలో ఉంటే కొన్ని ఫోన్లు పాడతాయి కొన్ని పాడవు. కంప్యూటర్‌లో ఎంపీ3 కింద మార్చి ఎక్కించండి. ఊరికే పేరు చివర మార్చి ఎంపీ3 అని పెడితే సరిపోదు, లోపల మారాలి.

ఇవాళ కుర్రాళ్లకి మైక్రో ఎస్‌డీ ఒక్కటే తెలుసు కాబట్టి అదృష్టవంతులు. మా రోజుల్లో ఒక్కో ఫోన్‌కి ఒక్కో చిప్పు. నోకియా 6600కి ఎంఎంసీ అనే కార్డు, దాదాపు తపాలా బిళ్ల అంత ఉండేది. ఎన్70 వచ్చేసరికి అందులో సగం సైజు ఆర్ఎస్ ఎంఎంసీ, అదీ మామూలుది కాదు, రెండు వోల్టేజీలది కావాలి, ఆకారం ఒకటే ఉందని మామూలు ఆర్ఎస్ ఎంఎంసీ తెచ్చి పెడితే ఎన్70 చదివేది కాదు, ఎందుకంటే ఆ ఫోన్ 1.8 వోల్టుల మీద నడిపేది. రెండు వోల్టేజీలదానికి పిన్నులు రెండు వరసలు ఉండేవి, మేము తిప్పి వెనక చూసి పోల్చుకునేవాళ్లం. ఎన్73కి మినీ ఎస్‌డీ. సోనీ ఎరిక్సన్ డబ్ల్యూ810కి మెమరీ స్టిక్ ప్రో డ్యుయో, అదే కంపెనీ కే800కి ఎం2. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరు రెండు ఫోన్లు కొంటే ఒకరి చిప్పు ఇంకొకరికి పనికొచ్చేది కాదు. 2004లో ట్రాన్స్‌ఫ్లాష్ అని వేలిగోరంత కార్డు వచ్చింది, 2005లో దానికే మైక్రో ఎస్‌డీ అని పేరు పెట్టారు, 15 మిల్లీమీటర్లు 11 మిల్లీమీటర్లు, అదే సైజు ఇవాళ్టికీ. నోకియా కూడా ఎన్95 నాటికి మైక్రో ఎస్‌డీకే వచ్చేసింది. నాకైతే ఆ మార్పు చాలా సంతోషం అనిపించింది, జనానికి అంతకన్నా మంచి ఏం కావాలి.

కోనసీమ అమ్మాయి:

ఈ థ్రెడ్ చూసి ఆగలేక అడుగుతున్నా, మా అక్క ఫోన్ నీళ్లలో పడి ఆన్ అవ్వట్లేదు. కార్డు బానే ఉంది కదా అని తీసి నా ఫోన్‌లో పెడితే కార్డు పాడైంది ఫార్మాట్ చేయండి అంటోంది, కంప్యూటర్‌లో పెట్టినా ఫార్మాట్ అంటోంది. మా అక్క పిల్లాడి మొదటి ఏడాది ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఇది కూడా ఈ ఎక్స్‌ఫ్యాట్ వల్లేనా? అక్క ఫోన్ నా ఫోన్ రెండూ ఆండ్రాయిడే.

సోల్డరింగ్ బాబాయ్:

అమ్మా, ఒక్క విషయం మీ అక్కని అడుగు, కార్డు కొత్తగా పెట్టినప్పుడు పోర్టబుల్ స్టోరేజ్, ఇంటర్నల్ స్టోరేజ్ అని రెండు ఆప్షన్లు అడిగితే ఇంటర్నల్ అని పెట్టిందా? ఫోన్‌లో యాప్స్‌కి జాగా చాలక చాలామంది అలా పెడతారు.

కోనసీమ అమ్మాయి:

అవునండీ, ఫోన్ 16 జీబీదే, స్టోరేజ్ ఫుల్ అని ఎప్పుడూ వస్తుంటే షాపులో అలా సెట్ చేసి ఇచ్చారంట.

సోల్డరింగ్ బాబాయ్:

అయితే ఇది వేరే సంగతి, జాగ్రత్తగా చదువు. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, కార్డుని ఫోన్ లోపలి మెమరీలో కలిపేసుకునే సదుపాయం ఉంది. అలా కలిపినప్పుడు కార్డు మీద ఉన్నదంతా తాళం వేసి రాస్తుంది, ఆ తాళంచెవి ఫోన్ లోపల ఉంటుంది, కార్డులో ఉండదు. అందుకే వేరే ఏ ఫోన్‌కీ ఏ కంప్యూటర్‌కీ ఆ కార్డు అర్థం కాదు. రికవరీ సాఫ్ట్‌వేర్లు కూడా ఇక్కడ పనిచేయవు, డబ్బులు తీసుకుని చేస్తాం అనేవాళ్లకి కార్డు ఒక్కటే ఇచ్చి లాభం లేదు.

ఆశ ఉంది కానీ. ఫోన్ బోర్డు బాగుచేసే మంచి టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లు, డిస్‌ప్లే అక్కర్లేదు కెమెరా అక్కర్లేదు, ఒక్కసారి ఆన్ అయ్యి కార్డు చదివితే చాలు, ఫొటోలు తీసుకుంటాం అని చెప్పు. బోర్డు మార్చొద్దు, సాఫ్ట్‌వేర్ కొట్టొద్దు, ఫ్యాక్టరీ రీసెట్ అసలే వద్దు అని కాగితం మీద రాసి ఫోన్‌తో పాటు ఇవ్వు. రీసెట్ కొట్టారంటే ఆ తాళంచెవి పోతుంది, ఇంక ఎవరి వల్లా కాదు. ఆలోగా బియ్యంలో పెట్టడం, చార్జింగ్ పెట్టి చూడటం లాంటివి చేయకండి, నీళ్లు పడ్డ బోర్డుకి కరెంటు ఇస్తే ఇంకా పాడవుతుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ అయి ఉందేమో కూడా అక్క అకౌంట్‌తో ఒకసారి లాగిన్ అయి చూడు, చాలామందికి తెలీకుండానే ఆన్ అయి ఉంటుంది.

కోనసీమ అమ్మాయి:

ఇప్పుడే లాగిన్ అయి చూశానండీ, అన్నీ లేవు గానీ పిల్లాడి అన్నప్రాసన దాకా ఉన్నాయి. మా అక్క ఏడ్చేసింది సంతోషంతో. మిగతావాటికి ఫోన్ కాకినాడ తీసుకెళ్తాం, మీరు చెప్పినట్టే రాసి ఇస్తాం. మీ మేలు మర్చిపోం.

ఫోకస్ పుల్లర్:

నేను పెళ్లి వీడియోలు తీస్తా, ఒక ముక్క కలుపుతా. కుర్రాడు అన్నా, ఆ 128 కార్డుని ఫ్యాట్32 చేస్తే మళ్లీ పెళ్లి వీడియోలు దాంట్లోకి వేయాలనుకుంటే ఇబ్బంది పడతావ్, ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. క్లయింట్లు వచ్చి 64 జీబీ ఖాళీ ఉంది 6 జీబీ సినిమా ఎందుకు ఎక్కట్లేదు అని అడుగుతుంటారు, కారణం ఇదే. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ లిమిట్ లేదు. కాబట్టి ఆ కార్డుని అలాగే ఉంచి వేరేది కొనడమే కరెక్ట్. అదీ కాక ఫొటోలు ఒక్క కార్డులోనే ఉంచొద్దు, హార్డ్ డిస్క్‌లో ఒకటి ఇంకెక్కడైనా ఒకటి ఉండాలి, కార్డు అనేది ముందుగా చెప్పి పోదు.

గుర్తుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. సీ అక్షరం లోపల 10 అంటే సెకనుకి కనీసం 10 ఎంబీ రాస్తుంది, యూ లోపల 1 అన్నా అంతే, యూ లోపల 3 అన్నా వీ30 అన్నా కనీసం 30 ఎంబీ. 4కే వీడియో ఫోన్‌లో తీసి నేరుగా కార్డులోకి వెళ్లాలంటే వీ30 ఉంటే మంచిది, పాటలకి ఇవేవీ చూడక్కర్లేదు. ఏ1 ఏ2 అనేవి యాప్స్ కార్డులో పెట్టుకునేవాళ్లకి, చిన్నచిన్న ముక్కలు ఎంత వేగంగా చదువుతుంది రాస్తుంది అనేది. ఏ2 అని ఎక్కువ రేటు పెట్టి కొంటారు గానీ ఆ వేగం రావాలంటే ఫోన్ వైపు కూడా సపోర్ట్ ఉండాలి, నేను చూసినంతలో ఫోన్లో ఏ1కి ఏ2కి పెద్ద తేడా తెలీదు. డబ్బా మీద పెద్దగా వేసే 150 ఎంబీ 190 ఎంబీ అనేది చదివే వేగం, అదీ వాళ్ల రీడర్‌తో, మామూలు ఫోన్లలో యూహెచ్‌ఎస్-1 అనే వేగం రకం స్లాట్ ఉంటుంది దాని గరిష్ఠమే సెకనుకి 104 ఎంబీ. ఆ నంబర్ చూసి కొనకండి.

ఇందూరు తమ్ముడు:

కొనేటప్పుడు డూప్లికేట్లతో జాగ్రత్త అన్నా. మా దోస్త్ ఒకడు సంతలో 512 జీబీ అని చాలా చవగ్గా వస్తోందని తీసుకున్నడు, ఫోన్‌లో కూడా 512 అనే చూపిచ్చింది. కొన్నాళ్లు బాగనే నడిచింది, తర్వాత కొత్త ఫొటోలు తెరిస్తే సగం బూడిద రంగు. లోపల ఉన్న చిప్పు చిన్నదే, దాని కంట్రోలర్‌కి 512 అని చెప్పమని నేర్పిన్రు, ఉన్న జాగా నిండేదాకా మనకి అనుమానమే రాదు, నిండినాక కొత్తవి పాతవాటి మీదనే పడతయి లేకుంటే గాల్లో పోతయి.

కొత్త కార్డు తెచ్చిన వెంటనే ఖాళీగా ఉన్నప్పుడే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ నడిపి చూడు, అది కార్డు మొత్తం నింపి మళ్లీ చదివి సరిచూస్తది, లినక్స్ వాడేవాళ్లకి ఎఫ్3 ఉంది. పెద్ద కార్డుకి గంటలు పడతది, పట్టనీ. ఇంకోటి, 32 జీబీ కొంటే 29.8 అని చూపిస్తది, దానికి భయపడకు, కంపెనీవాళ్లు వెయ్యి లెక్కన, కంప్యూటర్ 1024 లెక్కన లెక్కపెడతరు, అది మోసం కాదు.

మా దిక్కు గల్ఫ్ నుంచి వచ్చేటోళ్లు హువావే ఫోన్లు తెస్తుంటరు, మేట్ 20, పీ30 లాంటివి, వాటికి మైక్రో ఎస్‌డీ పట్టదు, ఎన్ఎం కార్డు అని నానో సిమ్ సైజులో వేరేది కావాలె, అది ఇక్కడ షాపుల్లో దొరకడం కష్టం. అక్కడే కొనుక్కొని రమ్మని చెప్పాలె.

పాలేరు కుర్రాడు:

పెళ్లి వీడియోలు మొత్తం కాపీ అయినయి, సైజు కూడా సరిపోయింది. నాన్నకి 32 జీబీ హెచ్‌సీ తీసుకున్నా, హెచ్2టెస్ట్ కూడా పాసైంది. ఫోల్డర్లు చేసి ఎక్కిస్తున్నా. ఒకటే చివరి డౌట్, అమ్మ ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉన్నాయి, కార్డు పెట్టాలంటే రెండో సిమ్ తీయాలంటున్నారు. షాపులో సిమ్ ప్లాస్టిక్ గీకేసి చిప్పు ఒక్కటే తీసి మెమరీ కార్డు మీద అతికిస్తా రెండూ నడుస్తయి అంటున్నాడు, చేయించొచ్చా?

పాత సెల్ పాయింట్:

వద్దండి. అది హైబ్రిడ్ ట్రే, రెండో సిమ్ లేదా కార్డు ఏదో ఒకటే అని కంపెనీవాళ్లే పెట్టారు. అతికిస్తే నడుస్తుంది నిజమే, కానీ మందం పెరిగి ట్రే లోపల ఇరుక్కుంటుంది, బయటికి లాగితే స్లాట్ పిన్నులు వంగిపోతాయి, ఎండకి జిగురు కరిగి సిమ్ కదిలితే రెండూ పోతాయి. ఇలాంటి ట్రేలు లాగలేక చాలామంది ఏడ్చుకుంటూ వచ్చేవారు నా దగ్గరికి. అమ్మగారికి ఓటీజీ పెన్‌డ్రైవ్, అంటే నేరుగా ఫోన్‌కే గుచ్చుకునేది, ఒకటి ఇవ్వండి, ఫొటోలు అందులోకి మార్చుకుంటుంటే ఫోన్ ఖాళీ అవుతుంది. తర్వాత ఫోన్ కొనేటప్పుడు రెండు సిమ్‌లకీ కార్డుకీ విడివిడిగా మూడు గళ్లు ఉన్న ట్రే అని అడిగి కొనండి, చవక ఫోన్లలోనే అవి ఎక్కువ దొరుకుతాయి, ఖరీదైన వాటిలో తీసేస్తున్నారు, శాంసంగ్ కూడా 2021లో ఎస్21 నుంచి ఎస్ సిరీస్‌లో తీసేసింది.

ఫోకస్ పుల్లర్:

బాబాయ్, పనిలో పనిగా నాదొకటి. ఇప్పుడు మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అని వస్తున్నాయి కదా, మా తమ్ముడు నింటెండో స్విచ్ 2 అనే గేమ్ మెషీన్ కోసం ఒకటి కొన్నాడు. అది నా ఫోన్‌లో పెడితే స్పీడ్ ఏమైనా పెరుగుద్దా?

సోల్డరింగ్ బాబాయ్:

ఫోన్‌లో నడుస్తది కానీ పెరగదు. ఎక్స్‌ప్రెస్ కార్డుకి వెనక పిన్నులు రెండు వరసలు ఉంటాయి, ఆ రెండో వరసతోనే దాని అసలు వేగం. నీ ఫోన్ స్లాట్‌కి ఒక్క వరసే తగులుద్ది, కాబట్టి మామూలు యూహెచ్‌ఎస్-1 కార్డులాగే నడుస్తది, ఫోన్ కోసం అయితే దాని మీద డబ్బు పెట్టకు. కానీ మీ తమ్ముడి స్విచ్ 2కి అది తప్పనిసరి, మామూలు మైక్రో ఎస్‌డీ పెడితే పాత స్విచ్‌లోని ఫొటోలు వీడియోలు తెచ్చుకోడానికే తప్ప గేమ్స్ ఎక్కించుకోనివ్వదు. వాడి కార్డు వాడికే ఉండనీ.